అంగన్‌వాడీ బడి బాగుందని ఎలా చెప్పగలం?

గుంటూరు నుంచి పెదనందిపాడు వైపు వెళ్తే, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి అంగన్‌వాడీ కేంద్రంలో ఆ ఉదయం పదకొండు మంది పిల్లలు ఉన్నారు. ఆయా గుడ్లు ఉడకబెట్టి స్టీలు గిన్నెలో తెచ్చింది. టీచర్ వాటిని వెంటనే పంచకుండా గిన్నెను పిల్లల మధ్యలో పెట్టి, "మనందరికీ సరిపోతాయా?" అని అడిగింది. నాలుగేళ్లు దాటిన ఒక పిల్ల లేచి, ఒక్కొక్కరి తల తాకుతూ లెక్కపెట్టి, తనను లెక్కలో వేసుకోవడం మరిచిపోయి "పది" అంది. పక్కనున్న పిల్లవాడు "మరి నువ్వో?" అన్నాడు. ఆ పిల్ల కాసేపు గిన్నె వైపు, కాసేపు అందరి వైపు చూసి, ఈసారి తన తల నుంచే మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆగింది. గిన్నెలో పన్నెండు గుడ్లు ఉన్నాయి. మిగిలే ఆ ఒక్కటి ఎవరిదన్న విషయంపై పిల్లలు గట్టిగానే వాదించుకుని, జ్వరం వచ్చి ఆ రోజు రాని పిల్లవాడికి పంపాలని తేల్చారు. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టింది. హాజరు పదకొండు, గుడ్లు పన్నెండు అన్నంత వరకే రిజిస్టరులోకి ఎక్కింది.

అదే వారంలో, అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో కేంద్రానికి వెళ్లాను. భవనం కొత్తది. గోడల నిండా బొమ్మలు, అక్షరాల పటాలు ఉన్నాయి. మరుగుదొడ్డి, కుళాయి, ఆట వస్తువుల పెట్టె అన్నీ ఉన్నాయి. అయితే అది గర్భిణులకు, బాలింతలకు సరుకులు ఇచ్చే రోజు కావడంతో, టీచర్ గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని ఒక్కొక్కరి ముఖం ఫోటో తీస్తూ, సిగ్నల్ అందక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, దాదాపు గంటన్నర నిలబడే ఉంది. లోపల పిల్లలు పలకల మీద 'అ' దిద్దారు, చెరిపారు, మళ్లీ దిద్దారు. ఆట వస్తువుల పెట్టెకు తాళం వేసి ఉంది, ఎందుకంటే అందులో ఏది పోయినా లెక్క చెప్పాల్సింది ఆమే. ఆమె పని ఎగ్గొట్టే మనిషి కాదు, ఆ గంటన్నరలో ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు.

ఈ రెండు కేంద్రాలను కాగితాల మీద పోల్చితే రెండోదానికే ఎక్కువ మార్కులు వస్తాయి. పిల్లల వైపు నుంచి చూస్తే మొదటిది ఎంతో ముందుంది. ఒక గ్రామీణ మండలంలో ప్రభుత్వం నడిపే పూర్వ ప్రాథమిక విద్య ఎలా ఉందన్న ప్రశ్నకు సూటిగా జవాబు దొరకకపోవడానికి మూలం ఈ తేడాలోనే ఉంది. పిల్లలు ఎంతమంది, భవనం ఎలా ఉంది, సరుకులు అందాయా అన్నవి మనం లెక్కిస్తున్నాం. పెద్ద మనిషికీ చిన్న పిల్లకూ మధ్య బడి సమయంలో ఏం జరిగిందన్నది లెక్కించడం లేదు.

ఈ వ్యవస్థ ఎలా పుట్టిందో తెలిస్తే ఆ లోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలైంది. అదనపు పోషకాహారం, వ్యాధి నిరోధక టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పోషణ బోధన, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అనియత పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలను ఒకే గడప దగ్గర అందించాలన్నది దాని ఉద్దేశం. ఆనాటి పరిస్థితుల్లో ఆకలి, పిల్లల మరణాలు కళ్లెదుట ఉన్నాయి కాబట్టి తొలి ప్రాధాన్యం తిండికీ టీకాలకూ దక్కడం సహజమే. ఆ తర్వాత సుప్రీంకోర్టు 2001లో ఆహార హక్కు కేసులో ఇచ్చిన ఆదేశాలు, 2006 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఈ కేంద్రాలను ప్రతి ఆవాసానికీ విస్తరింపజేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన కేంద్రాలు, మినీ కేంద్రాలు కలిపి 55 వేలకు పైగా ఏర్పడ్డాయి. విస్తరణ గొప్పగా జరిగింది, కానీ ఆరు సేవల్లో చదువు ఆరోదిగానే మిగిలిపోయింది.

చట్టం కూడా దానికి గట్టి ఆసరా ఇవ్వలేదు. 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య కోసం రాజ్యం ప్రయత్నించాలని మాత్రమే 45వ అధికరణంలో చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు. చేయవచ్చు అన్న మాటకూ చేయాలి అన్న మాటకూ మధ్య ఉన్న దూరం ఎంతో ఊళ్లలో కనిపిస్తుంది. ఒకటో తరగతిలో టీచర్ లేకపోతే తల్లిదండ్రులు మండల విద్యాధికారి దగ్గరకు వెళ్లి నిలదీస్తారు. అంగన్‌వాడీలో నెల రోజులు కథ చెప్పకపోతే, పాట పాడకపోతే ఎవరూ ఎవరినీ అడగరు, అడగడానికి హక్కు ఉందని కూడా తెలియదు.

2020 జాతీయ విద్యా విధానం ఈ వరుసను మార్చే ప్రయత్నం చేసింది. మూడేళ్ల పూర్వ ప్రాథమిక దశను, ఒకటి రెండు తరగతులను కలిపి మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూడమంది. మన రాష్ట్రంలో ఒకటో తరగతికి ముందరి రెండేళ్లకు పీపీ1, పీపీ2 అనే మాటలు, ఫౌండేషన్ స్కూళ్ల వర్గీకరణ అలా వచ్చాయి. ఆ వర్గీకరణ పేర్లు 2025లో మళ్లీ మారాయి. కేంద్రం 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమాన్ని ప్రకటించి, అంగన్‌వాడీల్లో రోజుకు కనీసం రెండు గంటలు నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య జరగాలని చెప్పి, 'ఆధారశిల' పేరుతో పాఠ్య ప్రణాళిక కూడా ఇచ్చింది. కాగితం మీద లోటు లేదు. అయితే అంగన్‌వాడీ కేంద్రం మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, దాని పక్కనే ఉన్న ప్రాథమిక బడి పాఠశాల విద్యాశాఖ కింద నడుస్తాయి. పిల్ల ఒక గుమ్మం దాటి పక్క గుమ్మంలోకి వెళ్తే ఆమె వివరాలు మాత్రం రెండు జిల్లా కార్యాలయాలు దాటాలి.

నాణ్యతను కొలవడం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. ఈ రంగంలో పరిశోధకులు నాణ్యతను రెండు పొరలుగా చూస్తారు. భవనం, గది వైశాల్యం, పిల్లల సంఖ్యకు టీచర్ల నిష్పత్తి, టీచర్ చదువు, శిక్షణ, బొమ్మలు, నీళ్లు వంటివి పైపొర. దీన్ని నిర్మాణపరమైన నాణ్యత అంటారు. టీచర్ పిల్లలతో ఎలా మాట్లాడుతుంది, పిల్ల చెప్పినదాన్ని పట్టుకుని మరో ప్రశ్న వేస్తుందా, ఏడ్చే పిల్లను ఎలా ఊరడిస్తుంది, పిల్లలు తమంతట తాము ఎంచుకుని ఆడుకునే సమయం ఎంత అన్నవి లోపలి పొర. దీన్ని ప్రక్రియాపరమైన నాణ్యత అంటారు. పైపొరను తనిఖీ అధికారి పావుగంటలో చూసి టిక్కులు పెట్టుకోవచ్చు. లోపలి పొరను చూడాలంటే ఒక మూల మౌనంగా కూర్చుని, కనీసం గంటసేపు గమనించి, ముందే నిర్ణయించుకున్న కొలమానంతో రాసుకోవాలి.

అలాంటి కొలమానాలు లేకపోలేదు. అమెరికాలో 1980 నుంచి వాడుకలో ఉన్న ఈసీఈఆర్ఎస్ తరగతి వాతావరణాన్ని అంశాలవారీగా ఏడు పాయింట్ల మీద కొలుస్తుంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన క్లాస్ అనే సాధనం టీచరూ పిల్లల మధ్య జరిగే మాటలను, ఆత్మీయతను, ఆలోచన రేకెత్తించే తీరును కొలుస్తుంది. అమెరికా పనిముట్టు మన పల్లెకు యథాతథంగా పనికిరాదని గుర్తించి, చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ తమిళనాడు పరిస్థితులకు తగిన కొలమానాన్ని తయారుచేసింది. పొరుగు రాష్ట్రంలో ఉన్న ఈ అనుభవం మనకు దగ్గరి దారి. కుర్చీలూ ఆట స్థలాలూ లేని ఒక్క గది కేంద్రంలో కూడా మాట నాణ్యతను కొలవవచ్చని అది చూపించింది.

టీచర్ రోజు ఎలా గడుస్తుందో లెక్క వేస్తే అసలు కొరత ఏమిటో తెలుస్తుంది. పిల్లలను కూర్చోబెట్టడం, పాలు, గుడ్లు, మధ్యాహ్న భోజనం చూసుకోవడం, మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి, తల్లులకు సరుకులు ఇవ్వడం, బరువులు, ఎత్తులు కొలిచి నమోదు చేయడం, ఇళ్లకు వెళ్లడం, టీకాల రోజున ఆరోగ్య కార్యకర్తతో కలిసి పనిచేయడం ఇవన్నీ ఆమె పనులే. వీటికి పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తోడయ్యాయి. ఓటర్ల జాబితా పని, సర్వేలు మీద పడిన నెలల్లో చెప్పనక్కర్లేదు. ఇంత చేసే మనిషికి 2023 డిసెంబరు 12న రాష్ట్రవ్యాప్త సమ్మె మొదలయ్యే నాటికి దక్కుతున్న గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. ఆ సమ్మె 42 రోజులు నడిచింది. సమ్మె డిమాండ్లలో వేతనం, గ్రాట్యుటీతో పాటు యాప్‌ల భారం తగ్గించాలన్నది కూడా ఉంది. దాన్ని చాలామంది పని తప్పించుకునే కోరికగా చూశారు. నా దృష్టిలో అది ఆ డిమాండ్లన్నింటిలో పిల్లల చదువుకు అతి దగ్గరగా ఉన్నది.

ఎందుకంటే టీచర్ సమయం విషయంలో మన దగ్గర ఊహలు కాదు, గట్టి ఆధారం ఉంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో వాటిలో కొన్నింటికి పూర్వ ప్రాథమిక విద్య కోసమే రోజులో సగం పూట పనిచేసే మరో మహిళను నియమించి, మిగతా కేంద్రాలతో పోల్చి చూశారు. ఆర్థికవేత్తలు అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ చేసిన ఆ అధ్యయనంలో, అదనపు మనిషి ఉన్న కేంద్రాల్లో బోధన సమయం రెట్టింపు అయింది. ఏడాదిన్నర తర్వాత పిల్లల భాష, లెక్కల స్థాయి గణనీయంగా పెరిగింది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ కేంద్రాల్లో ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. చదువు పని మరొకరు చూసుకోవడంతో పాత కార్యకర్తకు పోషణ, ఆరోగ్యం పనులకు తీరిక దొరికింది. చదువుకు మనిషిని పెడితే తిండికి డబ్బు తగ్గుతుందనే వాదనకు ఇది సరైన జవాబు. అక్కడ నియమించిన వారు పెద్ద డిగ్రీలు ఉన్నవారు కారు, వారికి ఇచ్చిన శిక్షణ కూడా కొద్ది రోజులదే.

ఇప్పుడు చిన్న మండలానికి మాత్రమే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఒక కేంద్రంలో నాలుగేళ్లు దాటిన పిల్లలు ఎనిమిది మంది ఉన్నారనుకుందాం. వారిలో ఆరుగురు పది వరకు వస్తువులు లెక్కించగలిగితే 75 శాతం అని నివేదికలో రాస్తారు. మరుసటి ఏడాది ఐదుగురు లెక్కించగలిగితే 62.5 శాతం. నివేదిక చూసినవారు కేంద్రం పన్నెండు పాయింట్లు పడిపోయిందని అంటారు, సూపర్‌వైజర్ మెమో ఇస్తుంది. జరిగిందల్లా ఒక పిల్ల అమ్మమ్మ ఊరికి వెళ్లిపోవడమో, పరీక్ష రోజున ఒక పిల్లవాడికి నిద్ర రావడమో కావచ్చు. అసలు స్థాయి ఏమీ మారకపోయినా, ఎనిమిది మంది ఉన్న చోట శాతం పదిహేను పాయింట్ల దాకా అటూ ఇటూ ఊగడం గణాంకాల్లో మామూలు విషయం. మండలంలోని నలభై కేంద్రాల పిల్లలను, అంటే 320 మందిని కలిపి చూస్తే ఆ ఊగు రెండు మూడు పాయింట్లకు తగ్గుతుంది. కాబట్టి పిల్లల ఫలితాలను మండలం స్థాయిలో, వీలైతే రెండు మూడేళ్లు కలిపి చూడాలి. ఒక్కో కేంద్రాన్ని మాత్రం అక్కడ జరిగే పనిని కూర్చుని గమనించి అంచనా వేయాలి. కేంద్రాలకు ర్యాంకులు ఇచ్చి, ఆ ర్యాంకులతో టీచర్లను నిలబెట్టడం గణితపరంగానే తప్పు.

ఇంకో పొరపాటు, అంగన్‌వాడీ పిల్లలనూ ప్రైవేటు ఎల్‌కేజీ పిల్లలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం. గుంటూరు, తెనాలి, పొన్నూరు పట్టణాల చుట్టుపక్కల ఊళ్లకు ఉదయం ఎనిమిదింటికల్లా పసుపు పచ్చ వ్యాన్లు వస్తాయి. మూడున్నరేళ్ల పిల్లలు టై కట్టుకుని, వారి కంటే బరువైన సంచితో ఎక్కుతారు. కౌలుకైనా నాలుగెకరాలు సాగుచేసే కుటుంబం, చిన్న ఉద్యోగం ఉన్న కుటుంబం పిల్లను ఆ వ్యాను ఎక్కిస్తుంది. రోజు కూలీకి వెళ్లే తల్లి పిల్లను అంగన్‌వాడీలో దింపుతుంది. ఐదేళ్లకు ఆ ఇద్దరి మధ్య కనిపించే తేడాలో బడి వల్ల వచ్చింది ఎంత, ఇంటి వల్ల వచ్చింది ఎంత అన్నది మార్కులు చెప్పలేవు. అది తెలియాలంటే ఒకే పిల్ల చేరినప్పుడు ఎక్కడ ఉంది, ఏడాది తర్వాత ఎక్కడికి వచ్చింది అన్న మార్పును చూడాలి.

తల్లిదండ్రుల నిర్ణయాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. వారికి కనిపించే ఆధారాలు హోంవర్కు పుస్తకం, ఇంగ్లీషు పాట, యూనిఫారం మాత్రమే. పిల్లలను చదివించే తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే పథకాల్లో అప్పటి అమ్మ ఒడి ఒకటో తరగతి నుంచే, ప్రైవేటు బడి పిల్లలకు కూడా వర్తించేది, దాని స్థానంలో 2025లో వచ్చిన తల్లికి వందనం కూడా అలాగే వర్తిస్తుంది. కాబట్టి ఒకటో తరగతిలో ఎలాగూ వేయబోయే బడిలో ఎల్‌కేజీ నుంచే వేస్తే మంచిదని అనుకోవడంలో తప్పేముంది? అయితే ఆ ఎల్‌కేజీ గదుల్లో జరిగేది చిన్న పిల్లల విద్య అని కూడా చెప్పలేం. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, పిల్లల చదువు స్థాయిపై సర్వేలు చేసే అసర్ కేంద్రం, యూనిసెఫ్ కలిసి రాజస్థాన్, అస్సాంతో పాటు తెలుగు నేల మీద కూడా దాదాపు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల వరకు అనుసరించి చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఐదేళ్లకు బడికి సిద్ధంగా ఉండాల్సిన స్థాయిని పిల్లల్లో ఎక్కువ మంది అందుకోలేదనీ, ప్రైవేటు కేంద్రాల్లో ఎక్కువ భాగం ఒకటో తరగతి పాఠాలనే కిందికి దించి చెబుతున్నాయనీ అది చూపించింది. అంగన్‌వాడీలో చదువు చాలడం లేదు, కాన్వెంటులో వయసుకు మించిన చదువు. రెండు చోట్లా పిల్లకు దక్కనిది ఒకటే, తన వయసుకు తగిన మాట, ఆట.

వయసుకు తగిన చదువు అంటే ఏమిటో తెలుగు దృష్టితో చెప్పుకోవాలి. ఆంగ్లంలో పిల్ల విడి ధ్వనులను పట్టుకోవాలి. మన లిపిలో ఒక్కో అక్షరం దాదాపు ఒక్కో పలుకు. 'మిరప' అన్న మాటను మి, ర, ప అని చప్పట్లతో విడగొట్టగలిగిన పిల్లకు ఆ మూడు చప్పట్లకు మూడు అక్షరాలు ఉంటాయని తర్వాత చెప్పడం తేలిక. 'పలక' లోంచి మొదటి పలుకు తీసేస్తే ఏం మిగులుతుందని అడిగితే నవ్వుతూ 'లక' అనే పిల్ల చదవడానికి సగం సిద్ధమైనట్టే. ఈ పనికి పలకా బలపమూ అక్కర్లేదు. చెమ్మచెక్క, ఒప్పుల కుప్ప, పొడుపు కథలు, ప్రాస మాటలు చాలు. మరోవైపు మన లిపి బరువైనది. యాభై ఆరు అక్షరాల వెనక గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రూపాలు నిలబడి ఉంటాయి. వాటిని మూడేళ్ల చేతివేళ్లతో దిద్దించడం వల్ల వచ్చేది చదువు మీద విసుగే. ఆ వయసు వేళ్లకు మట్టి పిసకడం, చింతగింజలు ఏరడం, పూసలు గుచ్చడం, కాగితం చించడం కావాలి. కందిపప్పులో కలిసిన చింతగింజలు వేరు చేసే పిల్ల వేళ్లకు సాధన చేస్తోంది, వర్గీకరణ కూడా నేర్చుకుంటోంది. తల్లిదండ్రుల సమావేశంలో దీన్ని విడమరిచి చెప్పే టీచర్ దగ్గర పిల్లలు ఎక్కువ కాలం నిలుస్తారని నా పరిశీలన.

ఇలా సంపాదించుకున్నది నిలుస్తుందా అన్నది న్యాయమైన సందేహం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో పిల్లలు 123 మందే. అర్హత గల టీచర్లు, వారం వారం ఇంటి సందర్శనలు ఉన్నాయి. ఆ బడిలో చదివిన పిల్లలు నలభై ఏళ్ల వయసుకు వచ్చినా ఉద్యోగాల్లో, జీవితంలో మేలు కనిపించింది. అదే దేశంలో టెనెసీ రాష్ట్రం పెద్ద ఎత్తున నడిపిన పూర్వ ప్రాథమిక కార్యక్రమంలో మొదట ముందంజలో ఉన్న పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, ఆ కార్యక్రమంలో సీటు దొరకని పిల్లల కంటే వెనకబడ్డారని 2022లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అందువల్ల పూర్వ ప్రాథమిక విద్య ఉందా లేదా అన్నది సరైన ప్రశ్న కాదు. లోపల ఏం జరుగుతోంది, తర్వాతి తరగతి దాన్ని అందుకుంటోందా అన్నవే అడగాల్సినవి.

ఈ రెండోది మన మండలాల్లో సులభంగా సరిదిద్దదగినది. చాలా ఊళ్లలో అంగన్‌వాడీ, ప్రాథమిక బడి ఒకే ఆవరణలో లేదా ఎదురెదురుగా ఉన్నాయి. అయినా జూన్‌లో ఒకటో తరగతి టీచర్ ప్రతి పిల్లనూ 'అ ఆ'ల దగ్గర నుంచే మొదలుపెడతారు, ఎందుకంటే ఎవరికి ఏం వచ్చో వారికి చెప్పినవారు లేరు. ఒకటో తరగతి మొదట్లో పన్నెండు వారాలు ఆటపాటలతో నడపడానికి 'విద్యాప్రవేశ్' పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ ఇచ్చిన ప్రణాళిక ఉంది. అంగన్‌వాడీ టీచర్ ఏప్రిల్‌లో ఒక పూట ఒకటో తరగతి గదిలో కూర్చుని, రాబోయే ఆరేడుగురు పిల్లల గురించి ఒక్కో పేజీ చొప్పున చెప్పగలిగితే ఆ పన్నెండు వారాలు ఎవరితో ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఐదేళ్లు నిండగానే ఒకటో తరగతిలో వేయాలనే అలవాటు మన పల్లెల్లో బలంగా ఉన్నంత కాలం ఈ మాట్లాడుకోవడం మరింత అవసరం.

హాజరు గురించి కూడా ఒక మాట. గుంటూరు జిల్లాలో హాజరుకు పంటకు విడదీయరాని సంబంధం ఉంది. సంక్రాంతి దాటాక మిరప కోతలు ఊపందుకుంటాయి. కూలికి వెళ్లే తల్లులు ఉదయం ఏడింటికే ఆటో ఎక్కుతారు, కేంద్రం తొమ్మిదింటికి గానీ తెరుచుకోదు. ఆ రెండు గంటలు చూసుకునే ముసలమ్మ ఇంట్లో లేకపోతే పిల్ల కూడా చేనికి వెళ్తుంది, కోసిన కాయలు ఆరబోసే కల్లం పక్కన ఘాటులో, ఎండలో ఆడుకుంటుంది. ఫిబ్రవరి హాజరు పడిపోవడం చూసి టీచర్‌ను వివరణ అడగడం కన్నా, తల్లులు ఎన్నింటికి బయలుదేరుతున్నారని అడగడం మేలు. ఇదే కాలంలో కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా కోతలకు వచ్చి చేల గట్ల మీద గుడారాల్లో ఉంటాయి. వారి పిల్లల పేర్లు సొంత ఊరి రిజిస్టరులో ఉంటాయి, పిల్లలు ఇక్కడ ఉంటారు. అక్కడి కేంద్రానికి వారు గైర్హాజరు, ఇక్కడి కేంద్రానికి వారు లేనే లేరు. నాణ్యత గురించి వేసే ఏ లెక్కలోనూ ఈ పిల్లలు రారు.

మండలం స్థాయిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటికి కొత్త చట్టం గానీ కొత్త యాప్ గానీ అక్కర్లేదు. సుమారు పాతిక కేంద్రాలకు ఒక సూపర్‌వైజర్ ఉంటారు. పని దినానికి ఒక కేంద్రం చొప్పున వెళ్లినా నెలలో ఒక చుట్టు పూర్తవుతుంది. వెళ్లిన చోట రిజిస్టర్లు తెరవకముందు అరగంట గోడకు ఆనుకుని కూర్చుని, టీచర్ ఎన్ని ప్రశ్నలు అడిగింది, వాటిలో అవును కాదు అన్నవి తప్ప వేరే జవాబు కోరేవి ఎన్ని, పిల్లలు తమంతట తాము ఎంతసేపు మాట్లాడారు, ఆట వస్తువుల పెట్టె తెరిచి ఉందా అన్న నాలుగు సంగతులు రాసుకుంటే చాలు. ఆ కాగితాన్ని టీచర్‌కే ఇవ్వాలి, జిల్లాకు పంపకూడదు. పైకి వెళ్లే కాగితంలో ఎవరూ నిజం రాయరు. పగిలిన బొమ్మకు టీచర్‌ను బాధ్యురాలిని చేయబోమని ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి ఒక్క వాక్యం రాతపూర్వకంగా ఇస్తే ఎన్నో పెట్టెల తాళాలు ఊడతాయి. సరుకులు పంచే రోజులను నెలలో రెండింటికి కుదించి, ఆ రోజుల్లో ఊరి స్వయం సహాయక సంఘం నుంచి ఒక మహిళను పిల్లల దగ్గర కూర్చోబెట్టడం కూడా పంచాయతీ తలచుకుంటే జరిగే పనే.

రెండో మనిషిని పెట్టడం మాత్రం మండలం చేతిలో లేదు, దానికి రాష్ట్రం డబ్బు ఇవ్వాలి. రాష్ట్రమంతా ఒకేసారి కాకపోయినా, కోతల కాలంలో జనవరి నుంచి ఏప్రిల్ వరకు, మిరప ఎక్కువగా పండే మండలాల్లో మండలానికి ఐదారు కేంద్రాలను ఎంచుకుని ఉదయం ఏడింటికే తెరిచి, సగం పూట పనిచేసే ఒక మహిళను అదనంగా నియమించి, గుడారాల పిల్లలను కూడా పేరు రాసుకుని లోపలికి తీసుకోవచ్చు. ఎంపిక లాటరీ పద్ధతిలో జరిగితే, మిగిలిన కేంద్రాలతో పోల్చి చూడడానికి ఏప్రిల్ చివరికి మన సొంత జిల్లా లెక్కలే చేతికి వస్తాయి.